పాత సామానుకు వయసు తెలిసే రంగు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ముందుగదిలో ఆకుపచ్చ చెక్క అల్మారా ఒకటి ఉంది. అంచుల్లో రంగు అరిగిపోయి, పిడి చుట్టూ అడుగున ఉన్న ఇటుక ఎరుపు తొంగిచూస్తుంటుంది. ఇంటికి వచ్చినవాళ్లు "మీ తాతగారి నాటిదా?" అని అడుగుతారు. అల్మారాకు నలభై ఏళ్లు ఉంటాయేమో గాని ఆ రంగుకు మూడేళ్లే. నేనే వేసి, నేనే అరగదీశాను. సంగతి తెలిశాక కొందరు "ఎలా చేశారు?" అంటారు, మరికొందరు "కొత్త రంగు వేసి మళ్లీ గీకడమెందుకు, పనిలేకనా?" అంటారు. మొదటివారు అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. రెండోవారిలో మా అమ్మ కూడా ఉంది కాబట్టి వాళ్ల మీద నాకు కోపం లేదు.

వయసు తెలిసే రంగు అంటే ఏమిటి?

పల్లెటూరి పాత ఇంటి తలుపు గుర్తు తెచ్చుకోండి. గొళ్ళెం దగ్గర చెయ్యి తగిలి తగిలి చెక్క బయటపడి ఉంటుంది. కాలితో నెట్టే చోట రంగు చెక్కులు లేచి, ప్రతి పండక్కీ పైపైన వేసిన పూతలన్నీ పొరలు పొరలుగా కనిపిస్తాయి: నీలం కింద ఆకుపచ్చ, దాని కింద కావి. ఆ తలుపుకు అది అరవై ఏళ్లలో వచ్చింది. దాన్నే రెండు మూడు రోజుల్లో రప్పించడం ఈ పని. ఇందులో పద్ధతులు అనేకం ఉన్నాయి. పై పూతను అరగదీసి అడుగు పూతను చూపించడం, రంగు పగుళ్లు విచ్చేలా చేయడం, ఆరిన కుంచెతో (రంగులో ముంచి దాదాపు అంతా తుడిచేసిన కుంచెతో) తేలిగ్గా పొడిపొడిగా అద్దడం, గోధుమరంగు మైనం పూసి మూలల్లో మురికి పట్టినట్టు కనిపించేలా చేయడం. ఒక వస్తువుకు ఒకటి, మహా అయితే రెండు చాలు. అన్నీ ఒకేదాని మీద ప్రయోగిస్తే అది పాత వస్తువులా ఉండదు, నాటకంలో ముసలివేషం కట్టిన కుర్రవాడిలా ఉంటుంది.

ఏ వస్తువుకైనా వేయవచ్చా?

వేయకూడని వాటితో మొదలుపెడతాను. టేకు, రోజ్‌వుడ్ కలపతో చేసి, దశాబ్దాల చేతి చమురుతో నునుపెక్కిన పడక కుర్చీ, ఉయ్యాల బల్ల, భోషాణం మీ ఇంట్లో ఉంటే వాటి జోలికి పోవద్దు. వాటికి నిజమైన వయసు ఉంది. దాని మీద నకిలీ వయసు పూయడం నా దృష్టిలో పాపం. మెత్తటి గుడ్డతో తుడిచి, పల్చగా మైనం పట్టించి వదిలేయండి.

రంగుకు తగినవి వేరే ఉన్నాయి: వేప, మామిడి వంటి కలపతో చేసిన స్టూళ్లు, వంటింటి అల్మారాలు, అద్దం బిగించిన డ్రెస్సింగ్ టేబుళ్లు, ఇంతకుముందే ఎవరో ఎనామిల్ పూసి పాడుచేసిన కుర్చీలు. నగిషీ, గాడి, అంచుపట్టీ ఉన్న వస్తువు అయితే మరీ మంచిది, ఎందుకంటే అరుగుదల కనిపించేది అక్కడే. నున్నటి పెట్టెలాంటి బల్లకు ఎంత చేసినా అందం రాదు. కొనాలనుకుంటే హైదరాబాద్ జుమ్మేరాత్ బజారు లాంటి పాత సామాను సంతలు, ఇళ్లు పడగొట్టేచోట దొరికే తలుపులు, కిటికీ రెక్కలు ఉన్నాయి. కీళ్లు గట్టిగా ఉన్నాయో లేదో ఊపి చూసి తీసుకోండి. రంగు లోపాన్ని దాస్తుంది గాని ఊగే కాలిని నిలబెట్టదు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది?

మనం ఇప్పుడు బొమ్మల్లో చూసే తెల్లటి, వెలిసిన రంగుల సామానుకు మూలం యూరప్. స్వీడన్ రాజు మూడవ గుస్తావ్ (పాలన 1771–1792) కాలపు బూడిద తెలుపు కుర్చీలు, ఫ్రెంచి పల్లె ఇళ్ల అల్మారాలు దానికి నమూనాలు. దాన్ని వ్యాపారంగా మార్చినవాళ్లలో ఇద్దరు ముఖ్యులు. రేచల్ ఆష్‌వెల్ 1989లో అమెరికాలోని శాంటా మోనికాలో దుకాణం తెరిచి 'షాబీ షిక్' (అరిగినా అందమే) అనే మాటను ఇంటింటికీ చేర్చింది. ఇంగ్లండ్‌కు చెందిన ఆనీ స్లోన్ 1990లో 'చాక్ పెయింట్' రూపొందించింది. సుద్దలా మసకగా ఆరే ఆ రంగు ముందుగా గీకుడు పెద్దగా లేకుండానే చెక్కకు పట్టుకుంటుంది.

ఇక్కడ నాదొక పేచీ. అక్కడి పాత వస్తువు తెల్లగా ఉంటుంది, మన పాత వస్తువు తెల్లగా ఉండదు. దాని గురించి కింద రంగుల ప్రశ్నలో చెబుతాను.

పాత రంగులో సీసం ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చల్లో సీసం ఉండే అవకాశం బాగా ఎక్కువ. ఆ మెరుపు పసుపు సీసపు క్రోమేటు నుంచి వచ్చేదే. కంటితో చూసి తేల్చలేం. కాబట్టి పాత ఎనామిల్ కనిపిస్తే సీసం ఉందనే అనుకుని పనిచేయండి. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది, ధూళి రూపంలో అది మరింత ప్రమాదం.

పొడిగా రుద్దకండి. మరలతో అసలు రుద్దకండి. వాటర్ పేపర్‌ను నీళ్లలో ముంచి తడిగా రుద్దితే ధూళి లేవదు, బురదలా దిగుతుంది. ఆ బురదను తడి గుడ్డతో ఎత్తి, గుడ్డతో సహా సంచిలో కట్టి పారేయండి. చీపురుతో ఊడ్చకండి. ఎన్95 ముసుగు పెట్టుకోండి, పని అయ్యాక బట్టలు విడిగా ఉతకండి, గర్భిణులను, చిన్నపిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. రంగును మంటతో, వేడిగాలి మరతో ఊడగొట్టడం మానండి, సీసపు పొగ వస్తుంది. ఇదే కారణంగా రంగు వేసిన పాత కిటికీ చెక్కలను నీళ్ల పొయ్యిలో పెట్టకూడదు. మన ఊళ్లలో ఇది మామూలుగా జరిగే తప్పు.

ఇంకో సూక్ష్మం ఉంది. మనం చేసేది అరగదీసే పని కాబట్టి, అడుగున ఉన్న పాత సీసపు పూత దాకా పోకూడదు. ముందు దాన్ని ప్రైమర్‌తో పూర్తిగా కప్పేసి, దాని మీద మనదైన కొత్త అడుగు పూత వేసుకుని, అరుగుదలను ఆ రెండు కొత్త పూతల మధ్యే ఆపాలి. చిన్నపిల్లలు నోట పెట్టుకునే ఊయల, వాళ్ల కుర్చీల వంటి వాటికి పాత ఎనామిల్ ఉంటే ఈ పని పెట్టుకోకండి.

పాత పాలిష్ మొత్తం గీకి తీయాలా?

అక్కర్లేదు. ముందు అది ఏ పూతో తెలుసుకోండి. కనపడని మూలలో స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దండి. జిగురుగా కరిగితే లక్క పాలిష్. స్పిరిట్‌కు లొంగక థిన్నర్‌కు మెత్తబడితే లక్కర్. దేనికీ చలించకపోతే ఎనామిల్ గాని మెలమైన్ గాని అయి ఉంటుంది. ఏదైనా సరే, ముందు జిడ్డు పోవాలి. వంటింటి సామానుకు చాకలి సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు, తర్వాత మంచినీళ్లు, తర్వాత ఒక రోజు ఎండనీయడం. ఆపైన 180 నంబరు ఉప్పు కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దితే చాలు, పూత ఊడక్కర్లేదు. కింద ఎనామిల్ ఉంటే మాత్రం పైన చెప్పినట్టు తడి వాటర్ పేపర్‌తోనే. మెరుపు ఉన్న చోట నీటి రంగు నిలవదు.

చాలామంది దెబ్బతినే చోటు మరొకటి. లేతరంగు వేసిన మర్నాడు గోధుమ మచ్చలు తేలతాయి. చెక్కలోని వగరు పదార్థం, పాత పాలిష్‌లోని రంగు నీటితో కలిసి పైకి రావడమే కారణం. దాని మీద ఎన్ని పూతలు వేసినా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించిన పల్చటి పూత ఒకటి ముందు వేస్తే అది అడ్డుగోడలా నిలుస్తుంది. నేను ఇది తెలియక ఒక డ్రెస్సింగ్ టేబుల్‌కు నాలుగు పూతల తెలుపు వృథా చేశాను.

చెక్క పుచ్చి పిండి రాలుతోంది. పరవాలేదా?

పురుగు బతికి ఉంది. వస్తువును ఇంట్లోకి తేకముందే, చెక్క పురుగు మందును సిరంజితో ఒక్కో కన్నంలోకి ఎక్కించి, పాలిథిన్ కప్పి కొన్ని రోజులు ఉంచండి. కింద నల్ల కాగితం పరచి పెడితే కొత్త పిండి రాలుతోందో లేదో తెలుస్తుంది. ఆగిందని నమ్మకం కుదిరాక కన్నాలను లప్పంతో పూడ్చవచ్చు, వదిలేయనూ వచ్చు. కొందరు పాతదనం కోసం మేకుతో కొత్త కన్నాలు పొడుస్తారు. నాకు అది నచ్చదు.

విదేశీ చాక్ పెయింట్ ఖరీదు ఎక్కువ. ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. మూడు కప్పుల మ్యాట్ ఎమల్షన్‌కు (గోడలకు వేసే, మెరుపు లేని నీటి రంగు) ఒక కప్పు సుద్ద పొడి చాలు. సుద్ద పొడిని ముందు ఒక కప్పు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, వడగట్టి, అప్పుడు రంగులో పోయాలి. నేరుగా పొడి వేస్తే ఇసుకలా గరుకుగా ఆరుతుంది. సుద్దకు బదులు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కూడా వాడతారు, పూత ఇంకా గట్టిగా ఆరుతుంది. కాని అది గంటలోపే గిన్నెలోనే గడ్డకట్టడం మొదలుపెడుతుంది కాబట్టి ఒక కూర్చుడులో అయ్యేంతే కలపండి. పల్లెటూరి కిరాణాలో దొరికే ముగ్గు సుద్ద వాడారు మా పక్కింటివాళ్లు. అందులో ఇసుక ఎక్కువ, కుంచె పాడైంది.

కుర్చీకి పావు లీటరు, మనిషెత్తు అల్మారాకు లీటరు చొప్పున అంచనా వేసుకోండి. రెండు పల్చటి పూతలు, ఒక మందపాటి పూత కన్నా మేలు.

రంగు ఎక్కడెక్కడ పోగొట్టాలి?

పని అంతా ఇక్కడే ఉంది. దుకాణాల్లో అమ్మే చాలా వస్తువులు చూడగానే కృత్రిమంగా అనిపించడానికి కారణం, రంగు అన్ని చోట్లా ఒకే తీరున పోయి ఉండటం. వయసు అలా రాదు. మనిషి చెయ్యి, కాలు, చీపురు, ఎండ, నీళ్లు తగిలే చోటే వస్తుంది.

ఉప్పు కాగితం పట్టుకునే ముందు ఆ వస్తువును పది నిమిషాలు వాడండి. కుర్చీ అయితే కూర్చోండి, లేవండి. లేచేటప్పుడు చేతులు ఎక్కడ ఆనుతున్నాయో చూడండి: కుర్చీ చేతుల ముందు కొసలు. తొడల కింద కూర్చునే పలక ముందు అంచు. వెనక పలక పై కొస, ఎందుకంటే కుర్చీని లాగేది అక్కడ పట్టుకునే. కాళ్ల అడుగున నాలుగు వేళ్ల ఎత్తు వరకు, అక్కడ తడిగుడ్డ, చీపురు రోజూ తగులుతాయి. ముందు కాళ్ల మధ్య అడ్డకర్ర ఉంటే దాని పైభాగం, పాదాలు అక్కడ పెడతాం కాబట్టి. అల్మారాకు పిడి చుట్టూ అరచేతి వెడల్పు మేర, అదీ కుడిచేతివాళ్ల ఇల్లయితే పిడికి పైన కుడివైపు కాస్త ఎక్కువ. తలుపు రెక్కలు ఒకదానికొకటి రాసుకునే అంచు. సొరుగు పై అంచు మధ్యభాగం. తాళంచెవి కన్నం కింద, తాళాల గుత్తి ఊగి తగిలిన చోట చిన్న చిన్న గీతలు.

ఇక పోకూడని చోట్లు. పలక మధ్యభాగం. నగిషీ గాడుల లోపలి మూలలు, అక్కడ చెయ్యి చేరదు, పైగా రంగు పేరుకుంటుంది. అల్మారా నెత్తి మీద అంచు గోడవైపు. వెనక కాళ్ల వెనకభాగం.

రుద్దేటప్పుడు 220 నంబరు కాగితంతో మొదలుపెట్టండి. 80 నంబరుతో గీకితే గీతలు పడతాయి, అది అరుగుదల కాదు, గాయం. వేళ్లతో నొక్కిపట్టి అంచు వెంబడి ఒకే దిక్కున నడపండి. మధ్యలో చెక్క, దాని చుట్టూ అడుగు పూత, దాని చుట్టూ పలచబడిన పై పూత, ఇలా మూడు వలయాలుగా వస్తే కన్ను నమ్ముతుంది. చాక్ పెయింట్ అయితే ఉప్పు కాగితం లేకుండా తడిగుడ్డతో రుద్దినా అంచులు మెత్తగా పోతాయి, ధూళి బాధ ఉండదు. నేనిప్పుడు ఎక్కువగా అదే చేస్తున్నాను.

అయిదు నిమిషాలకోసారి ఆగి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. "ఇంకొంచెం" అనిపించినప్పుడే ఆపేయాలి.

కొవ్వొత్తి ఎందుకు వాడతారు?

మైనం ఉన్న చోట రంగు పట్టదు. అడుగు పూత పూర్తిగా ఆరాక, పైన చెప్పిన చోట్లలో మామూలు తెల్ల కొవ్వొత్తిని గట్టిగా రుద్దండి. మిగిలిన పొడిని ఊదేసి పై పూత వేయండి. మూడు నాలుగు గంటల తర్వాత గీకుడు రేకుతో తేలిగ్గా తడితే మైనం ఉన్నచోట రంగు చిన్న చిన్న చెక్కులుగా లేచి వస్తుంది. ఉప్పు కాగితంతో వచ్చేది అరుగుదల, దీంతో వచ్చేది ఊడుదల. నీళ్లు తగిలే కాళ్ల అడుగున, ఎండకు నిలబడ్డ కిటికీ రెక్కల మీద ఊడుదల బాగుంటుంది. చేతులు తగిలే చోట అరుగుదల బాగుంటుంది. పని అయ్యాక మిగిలిన మైనాన్ని తుడిచేయడం మరిచిపోకండి, లేకపోతే పైన వేసే వార్నిష్ కూడా పట్టదు.

ఫెవికాల్‌తో పగుళ్లు నిజంగా వస్తాయా?

వస్తాయి. జిగురు నెమ్మదిగా ఆరుతుంది, దానిపై రంగు త్వరగా ఆరి బిగుసుకుంటుంది. కింద పట్టు దొరకక రంగు చీలిపోతుంది. అడుగు పూత ఆరాక తెల్ల జిగురును కుంచెతో పూసి, వేలికి అంటుకుంటూ ఉన్నా ఊడిరాని దశ వచ్చేదాకా ఆగండి. మన ఎండాకాలంలో దానికి పది నిమిషాలు కూడా పట్టదు. వెంటనే ఎమల్షన్‌ను కుంచె నిండుగా తీసుకుని ఒకే దిక్కున, ఒక్కసారే వేయండి. వేసినచోట మళ్లీ కుంచె పెట్టారా, జిగురు, రంగు కలిసి ముద్ద అవుతుంది. పగుళ్లు కళ్లముందే విచ్చుకుంటాయి, చూడముచ్చటగా ఉంటుంది. జిగురు మందంగా ఉంటే ఎండిన చెరువులా పెద్ద పగుళ్లు, పల్చగా ఉంటే సన్న గీతలు. పగుళ్లు కుంచె నడిచిన దిక్కునే పోతాయి.

పై పూతకు ఎనామిల్ పనికిరాదు, నీటి రంగే కావాలి. మామూలు తెల్ల జిగురు నీళ్లకు మళ్లీ మెత్తబడుతుంది కాబట్టి పూర్తిగా ఆరాక నూనె వార్నిష్‌తో మూయండి. అది కాలక్రమంలో కాస్త పసుపెక్కుతుంది, మన పనికి అది మేలే. పగుళ్లను వస్తువంతా వేయకండి. ఒక తలుపు పలక, ఒక సొరుగు ముఖం, అంతవరకే.

పాలతో రంగు చేస్తారట, ఎలా?

ఇది అన్నిటికన్నా పాత పద్ధతి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. వెన్న తీసిన పాలు లీటరు తీసుకుని, గోరువెచ్చగా చేసి నిమ్మరసంతో విరగ్గొట్టండి. గుడ్డలో వడగట్టి, పులుపు పోయేలా రెండుసార్లు కడిగి పిండండి. ఆ ముద్దలో తాంబూలానికి వాడే తడి సున్నం రెండు మూడు చెంచాలు వేసి మిక్సీలో తిప్పి అరగంట వదిలేయండి. పాల ముద్ద కరిగి జిగురుగా మారుతుంది. ఆ జిగురే రంగును చెక్కకు పట్టి ఉంచేది. అందులో నీళ్లతో నూరిన కావి రంగు, పసుపు మట్టి (ఓకర్), నీలిమందు ఏదో ఒకటి కలిపి వడగట్టి వాడండి. సున్నం చేతులను, కళ్లను కాలుస్తుంది, తొడుగులు వేసుకోండి. బట్టలకు పెట్టే సీసా నీలం వాడకండి, అది వెలిసిపోతుంది. ఆ మిక్సీ గిన్నెను మళ్లీ వంటకు వాడకపోవడం ఇంటి శాంతికి మంచిది.

గొప్పతనం ఏమిటంటే, ఈ రంగు పచ్చి చెక్కలోకి ఇంకి బిగుసుకుంటుంది గాని, పాత పాలిష్ మిగిలి ఉన్నచోట పట్టక తనంతట తానే రేకులు లేచిపోతుంది. ఎక్కడ లేస్తుందో మన చేతిలో ఉండదు. అందుకే నిజమైన పాతదనానికి అతి దగ్గరగా వస్తుంది.

ఏ రంగులు ఎంచుకోవాలి?

బొమ్మల్లో చూసి అందరూ తెలుపు అడుగుతారు. మన దుమ్ములో, మన వెలుతురులో తెల్ల సామాను నాలుగు నెలలకే మాసినట్టు కనిపిస్తుంది, పాతబడినట్టు కాదు. మన ఇళ్లలో పాత చెక్క ఏ రంగులో ఉండేదో అదే నమ్మదగినది: కిటికీల చిలకాకుపచ్చ, తలుపుల ముదురాకుపచ్చ, సున్నంలో నీలిమందు కలిపిన గోడల లేత నీలం, కావి. నాకు కుదిరిన జోడీలు: అడుగున కావి, పైన ముదురాకుపచ్చ, అడుగున పసుపుపచ్చ, పైన నీలం. అడుగు, పై పూతల మధ్య తేడా స్పష్టంగా ఉండాలి. పై పూతలో చెంచాడు నలుపు లేదా అంబర్ (ముదురు గోధుమరంగు మట్టి పొడి) కలిపి కొంచెం మసకబార్చండి. దుకాణం నుంచి వచ్చిన రంగు ఎప్పుడూ అతి శుభ్రంగా ఉంటుంది.

బయటపడిన చెక్క కొత్తగా, తెల్లగా కనిపిస్తోంది. ఏం చేయాలి?

మామిడి, వేప చెక్కలకు ఈ ఇబ్బంది వస్తుంది. రంగు పాతది, కింద చెక్క నిన్నటిది, అబద్ధం అక్కడే దొరికిపోతుంది. సులువైన మార్గం గోధుమరంగు మైనం: చివర్లో గుడ్డతో అద్ది, పైపైన తుడిచేస్తే చెక్కలో, గాడుల్లో మిగులుతుంది.

రెండో మార్గం మన కలంకారీవాళ్లది. శ్రీకాళహస్తిలో గుడ్డను కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టి, బెల్లం నీళ్లలో ఇనుప తుక్కు ఊరవేసిన ద్రవంతో గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయ వగరుకు, ఇనుముకు పొత్తు కుదిరి నలుపు పుడుతుంది. చెక్క మీద కూడా ఇదే జరుగుతుంది. అయిదారు కరక్కాయలు దంచి అర లీటరు నీళ్లలో మరిగించి, చల్లార్చి అంచులకు పూయండి. ఆరాక, ఇనుప పీచును (తుప్పు పట్టే రకం, స్టెయిన్‌లెస్ కాదు) వెనిగర్‌లో మూడు నాలుగు రోజులు నానబెట్టిన నీళ్లు పూయండి (సీసా మూత బిగించకండి, వాయువు పుడుతుంది). నిమిషాల్లో చెక్క బూడిదగా, గోధుమగా మారుతుంది. చిక్కగా వాడితే బొగ్గులా నల్లబడుతుంది, నీళ్లు కలిపి పనికిరాని ముక్క మీద ముందు చూసుకోండి. ఇది రంగు వేయకముందే చేయాలి, తర్వాత అంచులను ఉప్పు కాగితంతో కాక కొవ్వొత్తి పద్ధతిలో బయటపెట్టాలి. రుద్దితే ఆ పల్చటి నలుపు కూడా పోతుంది.

ఇత్తడి పిడులు తళతళ మెరుస్తున్నాయి.

చింతపండుతో తోమడం ఆపండి. ఇప్పటికే తోమి ఉంటే, మూత ఉన్న డబ్బాలో వెనిగర్ పోసి, ఉప్పు చల్లిన పిడులను దానికి తగలకుండా వేలాడదీసి ఒకటి రెండు రోజులు ఉంచండి. పచ్చగా, మసకగా మారతాయి. కడిగి ఆరబెట్టి మైనం రాయండి. పైన లక్కర్ పూసిన పిడులకు ఇది పనిచేయదు, ముందు థిన్నర్‌తో దాన్ని తీసేయాలి.

పైన మైనం పూయాలా, వార్నిషా?

చేయి ఎక్కువ తగలని అల్మారాకు, అద్దం చట్రానికి మైనం. బల్ల పైభాగానికి, కుర్చీకి, వంటింటి సామానుకు మ్యాట్ వార్నిష్. మెరిసే వార్నిష్ ఒక్క పూత చాలు, మీ పనంతా బూడిదలో పోస్తుంది.

తేనెమైనం ఒక వంతు, టర్పెంటైన్ మూడు వంతులు తూకం వేసుకోండి. మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, పొయ్యి ఆర్పి, దానికి దూరంగా తీసుకెళ్లాకే టర్పెంటైన్ పోయండి. అది ఇట్టే అంటుకుంటుంది. ముదురు మైనం కావాలంటే ఇందులోనే అంబర్ పొడి కలపండి. లేత మైనం ఒకసారి పూశాకే ముదురుది పూయాలి. నేరుగా ముదురు మైనం పూస్తే సుద్ద రంగు దాన్ని పీల్చేసుకుని మచ్చలు పడుతుంది, ఇక తుడిచినా పోదు. మన మే నెల ఎండకు మైనం మెత్తబడి దుమ్ము అంటుకుంటుంది, వేడి టీ గ్లాసు పెడితే గుండ్రటి ముద్ర పడుతుంది. ఇది తెలిసి ఎంచుకోండి.

అవిసె నూనె గాని, అది కలిసిన నూనె వార్నిష్ గాని వాడిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి నిప్పు అంటుకోగలవు. ఆరుబయట విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

వానాకాలంలో చేయవచ్చా?

కోస్తాలో ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పెద్ద పని పెట్టుకోకండి. పూత ఆరడానికి రెట్టింపు సమయం పడుతుంది, చెక్క ఉబ్బి సొరుగులు బిగుసుకుంటాయి, పగుళ్ల పద్ధతి సరిగా రాదు. నడివేసవి మధ్యాహ్నమూ మంచిది కాదు, కుంచె ఎత్తేలోపే రంగు ఆరి చారలు పడతాయి. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా ఉదయం పూట దీనికి వాటమైన కాలం.

సన్‌మైకా అతికించిన ప్లైవుడ్ సామానుకు కుదురుతుందా?

రంగు కుదురుతుంది, అరుగుదల కుదరదు. రుద్దితే కింద చెక్క రాదు, సన్‌మైకా వస్తుంది. గరుకు చేసి, మంచి ప్రైమర్ వేసి, పగుళ్లతోనో ఆరిన కుంచె అద్దకంతోనో సరిపెట్టుకోండి.

ఎక్కువ అరగదీసేశాను. ఇప్పుడు?

కంగారు పడకండి. అరిగిన చోట పై రంగును ఆరిన కుంచెతో పొడిపొడిగా అద్ది, మళ్లీ తడిగుడ్డతో మెత్తగా రుద్దండి. మైనం పూసేశాక తెలిసిందంటే మాత్రం, టర్పెంటైన్‌తో మైనం తుడిచి ఒక రోజు ఆరనిచ్చి మొదలుపెట్టాలి. మా ఆకుపచ్చ అల్మారా ఎడమ రెక్కకు ఇలా మూడుసార్లు చేశాను. ఇప్పుడు అందరూ మెచ్చుకునేది ఆ రెక్కనే.

నిజంగా పాతదని చెప్పి అమ్మవచ్చా?

వద్దు. రంగు ఎప్పుడు వేశారో చెప్పి అమ్మండి. కొనేవాడు ఎలాగూ సొరుగు లాగి అడుగున చూస్తాడు, కొత్త మేకు కనిపిస్తుంది.

మిగిలిన రంగు దాచుకోవచ్చా?

సుద్ద కలిపిన రంగు గట్టి మూత డబ్బాలో కొన్ని వారాలు ఉంటుంది, మళ్లీ వాడేటప్పుడు అడుగు దాకా కలిపి వడగట్టండి. ప్లాస్టర్ కలిపినది ఉండదు. పాలరంగు ఆ రోజే వాడేయాలి. మర్నాటికి వాసన వచ్చి ఇల్లంతా తెలిసిపోతుంది.